పాత గ్రంథాలయానికి కొత్త గంటలు: మూతబడ్డ భవనాన్ని మళ్ళీ ఊరి వాడుకలోకి తేవడం ఎలా?

మా ఊరి గ్రంథాలయానికి మూడు తాళంచెవులు ఉండేవి. ఒకటి లైబ్రేరియన్ దగ్గర, ఒకటి పంచాయతీలో, మూడోది ఎదురుగా ఉన్న టీకొట్టు గల్లాపెట్టెలో. భవనం లోపల ఏముందో చూద్దామని మేం వెళ్ళిన రోజు మొదటి రెండూ దొరకలేదు. టీకొట్టాయనే వచ్చి తాళం తీశాడు. "పేపర్లు రోజూ ఇక్కడే వేస్తాడు బాబూ. లోపలికెవరూ పోరు. అరుగు మీదే చదువుకుని పోతారు" అన్నాడు.

లోపల దుమ్ము, గబ్బిలాల వాసన, అద్దం పగిలిన బీరువాలు. బయట అరుగు మాత్రం నున్నగా, మనుషులు కూర్చుని కూర్చుని అరిగిపోయి ఉంది. అంటే ఆ భవనం చచ్చిపోలేదు, అరుగు వరకూ బతికే ఉంది. మీ ఊళ్ళో అలాంటిది ఉంటే ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో, మేం ఎక్కడ బోర్లాపడ్డామో రాస్తున్నాను.

ముందు ఒక నోటుపుస్తకం కొనండి

కమిటీ వెయ్యకండి, ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్ళకండి, ఆర్కిటెక్టుని పిలవకండి. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, రెండు వారాలు లెక్క రాయండి. ఏ గంటకు ఎవరొచ్చారు, ఎంతసేపున్నారు, ఏం చేశారు. పేర్లు అక్కర్లేదు. "ఉదయం ఏడున్నర, నలుగురు పెద్దవాళ్ళు, పేపరు. పది, ఇద్దరు కుర్రాళ్ళు, ఫోన్లు. మూడు, ఎవరూ లేరు, కుక్క." ఇంతే చాలు. పండగ రోజూ, సంత రోజూ, జీతాల రోజూ ఆ రెండు వారాల్లో పడేలా చూసుకోండి.

శాఖా గ్రంథాలయాలు మామూలుగా ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు. రోజుకు ఆరు గంటలు. తెల్లారి ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా మనుషులు మెలకువగా తిరిగే పదహారు గంటల్లో పది గంటలు ఆ హాలు తాళం వెనకే ఉంటుంది. ఇది అర్థమయ్యాక మా ఆలోచనే మారిపోయింది. అప్పటిదాకా "పుస్తకాలు తీసేసి ఈ గదిలో ఏం పెడదాం" అని వాదించుకుంటున్నాం. వెతకాల్సింది ఖాళీ గది కోసం కాదు, ఖాళీ గంటల కోసం. పేపర్ల బల్లని దాని చోటున దాన్ని వదిలేస్తే, పేరు మార్చకుండా, ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా, సగం రోజు మీ చేతికొస్తుంది.

ఆ హాలు ఎందుకు కట్టారో గుర్తు తెచ్చుకోండి

"గ్రంథాలయంలో మీటింగులేంటి, పిల్లల గోలేంటి" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకు జవాబు చరిత్రలోనే ఉంది. కాబట్టి ఈ భాగం దాటెయ్యకండి, రేపు గ్రామసభలో పనికొస్తుంది.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివాళ్ళు దాని వెనక నిలబడ్డారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం వచ్చింది. ఇవతల 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాలు నడిపేవాళ్ళంతా బెజవాడలో సభ కట్టి సంఘం పెట్టుకున్నారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. జనం గ్రంథాలయానికి రాకపోతే గ్రంథాలయమే జనం దగ్గరికి పోవాలన్నది వాళ్ళ పట్టుదల.

నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందే అనుమతి తెచ్చుకోవాలి. అందుకని తెలంగాణలో గ్రంథాలయ వార్షికోత్సవమే సభ అయింది. ఉపన్యాసాలు, పద్యాలు, రాత్రిబడి, వాదవివాదాలు అన్నీ ఆ కప్పు కిందే జరిగాయి. ఆ కాలపు భవనాలు కొన్నింటిని లోపల నిలబడి చూడండి: ముందు అరుగు, మధ్యలో హాలు, చివర ఒక మెట్టు ఎత్తు వేదిక, పక్కన బీరువాల గదులు. వేదిక పుస్తకాల కోసం కట్టలేదు కదా. కాబట్టి మీరు తేబోయేది కొత్త వాడుకేమీ కాదు, మధ్యలో పోయిన పాత వాడుక. ఈ ఒక్క మాటతో మా ఊళ్ళో సగం అభ్యంతరాలు సద్దుమణిగాయి. మిగతా సగం వేరే కారణాలవి.

స్థలం ఎవరిది, ఏ షరతు మీద ఇచ్చారు

పని ఆగిపోతే ఇక్కడే ఆగుతుంది. పాత గ్రంథాలయ భవనాలు ప్రధానంగా నాలుగు చేతుల్లో ఉంటాయి: జిల్లా గ్రంథాలయ సంస్థ, పంచాయతీ లేదా మున్సిపాలిటీ, ఒక రిజిస్టర్డ్ సంఘం, లేదా దాత కుటుంబం పెట్టిన ట్రస్టు. నేల ఒకరిదీ భవనం ఇంకొకరిదీ అయిన సందర్భాలు కూడా తక్కువేం కాదు. దేవాలయం నేల మీద కట్టినవైతే దేవాదాయ శాఖను కలవక తప్పదు.

దానపత్రం నకలు సంపాదించండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక, తీయించండి. కంప్యూటర్లో ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి వెళ్ళి అర్జీ పెట్టి, పాత వాల్యూములు తిరగేయించుకోవాలి. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ స్థలంలో, ఉన్న భవనానికి సర్వే నంబరు పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు. ఇంటి నంబరూ, నాలుగు హద్దులూ ఇచ్చి వెతికించండి. పాత దస్తావేజులో "తూర్పు: ఫలానావారి దొడ్డి" అని ఉంటుంది. ఆ ఫలానావారు ఎవరో ఊళ్ళో తొంభై ఏళ్ళ ముసలమ్మకే తెలుస్తుంది. మాకూ అలాగే తెలిసింది.

దస్తావేజులో ఒక వాక్యం కోసం చూడండి: "గ్రంథాలయ నిమిత్తం మాత్రమే" అని ఉందా, "ప్రజోపయోగార్థం" అని ఉందా? రెండోదైతే దారి తేలిక. మొదటిదైతే, లేదా "వేరే వాడుకకు పెట్టిన పక్షంలో స్థలం నా వారసులకు చెందవలెను" అని ఉంటే, బీరువాలు కదిలించేముందు వకీలుని కలవండి. పబ్లిక్ ట్రస్టు అసలు ఉద్దేశం నెరవేరడం కుదరనప్పుడు, దానికి దగ్గర్లో ఉన్న ఉద్దేశానికి ఆస్తిని వాడుకోనివ్వమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుని అడగొచ్చు. కానీ అది ఏళ్ళ తరబడి సాగే పని. అంతకన్నా పుస్తకాలూ పేపర్లూ అలాగే ఉంచి ఖాళీ గంటలు వాడుకుంటే "నిమిత్తం" చెడదు. గంటల లెక్క మొదట రాయమన్నది ఇందుక్కూడా.

దాత వారసులను వెతికి పట్టుకోండి, వాళ్ళెక్కడున్నా సరే. చట్టం అడగకపోయినా అడిగినట్టే చెయ్యండి. మాకు వాళ్ళ మనవడు బెంగళూరులో దొరికాడు. ఫోన్లో మొదట అడిగింది ఒకటే: "తాతయ్య ఫోటో గోడ మీద ఉందా అండీ?" లేదు. బీరువా వెనక దొరికింది. అద్దం మార్పించి తగిలించాక ఆయనే పాత దస్తావేజు ఫోటోలు పంపించాడు.

ఇంకో రెండు తనిఖీలు. భవనం ఏదైనా వారసత్వ జాబితాలో ఉందా? తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉంది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ స్థానిక శాఖను అడిగితే తెలిసినవాళ్ళు దొరుకుతారు. దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుడో కోటో ఉంటే దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరమ్మతుకి కూడా అనుమతి తీసుకోవాల్సిందే.

పైకప్పు ఎక్కండి, గోడ గీకండి

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేదీ భవనం పోయేదీ ఇక్కడే.

సుమారు 1940ల ముందు కట్టినవి చాలావరకు మద్రాసు టెర్రస్ కప్పులు. గోడల మీద టేకు దూలాలు, వాటి మీద అంచున నిలబెట్టి ఏటవాలుగా పేర్చిన సన్న ఇటుకలు, మధ్యన సున్నం, పైన ఇటుక జల్లీ సున్నమూ కలిపి దిమ్మిసతో కొట్టిన పొర, ఆపైన పలకలు. దూలం నడిమిని చూసి బాగుందనుకోకండి. దూలం గోడలోకి వెళ్ళే కొసలు చూడండి. చెమ్మ అక్కడ చేరుతుంది, చెదలు అక్కడ పడతాయి. నిచ్చెన వేసుకుని స్క్రూడ్రైవరు మొనతో గుచ్చి, వెనక పిడితో కొట్టి వినండి. టంగుమంటే సరే. డొల్ల చప్పుడొస్తే ఆ దూలం కింద ఆ రోజే కర్ర ఊతం పెట్టించి, జనాన్ని లోపలికి రానివ్వకండి.

పిట్టగోడలో మొలిచిన రావి మొక్కని చాలామంది కోసి వదిలేస్తారు. కోసిన కొద్దీ వేరు లావవుతుంది. దాని చుట్టూ నాలుగు ఇటుకలు విప్పి, వేరుతో సహా తీసి, మళ్ళీ సున్నంతో కట్టాలి. నీళ్ళు పోయే తూములు శుభ్రం చెయ్యడానికి పైసా ఖర్చు లేదు. కప్పు కారడానికి సగం కారణం వాటిలో పేరుకున్న ఆకులే.

మేం చేసిన తప్పు గోడల దగ్గర. కింద మూడడుగుల మేర పెచ్చులూడుతున్నాయని ఒక కాంట్రాక్టరు చెబితే సిమెంటు పూత వేయించాం. నున్నగా, చూడముచ్చటగా ఉంది. రెండో వానాకాలానికి చెమ్మ ఆ పూత దాటి పైకెక్కి, కిటికీ ఎత్తున ఉప్పు పూసి, రంగు పొరలు పొరలుగా రాలింది. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన తడిని గాలికి వదులుతుంది. సిమెంటు దానికి ఊపిరాడకుండా చేస్తుంది. ఆ తడి ఎక్కడికి పోవాలి? పైకి పోతుంది. చివరికి సిమెంటంతా చెక్కించి, గానుగ సున్నం పూయించాం. రెండుసార్లు ఖర్చు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. గుళ్ళ మరమ్మతులు చేసేవాళ్ళని అడగండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలుపుతారు. సున్నం తొందరగా గట్టిపడదు, ఎండలో వేస్తే పగులుతుంది. దీపావళి దాటాక మొదలుపెట్టి మార్చిలోగా ముగించండి.

బరువు సంగతి. మామూలు ఇంటి గది నేలని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల లెక్కన కడతారు. కుర్చీలు నేలకు బిగించని సభా హాలుకి మన భారతీయ ప్రమాణం సుమారు 500 కిలోలు అడుగుతుంది. పుస్తకాల బీరువాలు వరసగా నిలిపే గదికైతే 600, బీరువాలు ఎత్తయితే ఇంకా ఎక్కువ. దాత తన సొంత ఇంటినే గ్రంథాలయానికి ఇచ్చినచోట మేడ మీద గదిలో బీరువాలు నింపేసి ఉంటారు. అక్కడ కొత్తగా సభలు పెట్టడం మాట దేవుడెరుగు, ముందు ఆ బీరువాలు కిందికి దించండి. మేడ మీద జనాన్ని కూర్చోబెట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో ఉన్న కాగితం కావాలి. ఊరి మేస్త్రీ "ఏం కాదండీ" అంటే సరిపోదు.

వైరింగు మొత్తం మార్చండి. చెక్క పట్టీల్లో పోయే పాత తీగలకు ఫ్యాన్లే బరువు. కొత్త తీగల కోసం సున్నపు గోడల్ని గాడి కొట్టొద్దు, గోడ మీదే పైపుల్లో తీసుకెళ్ళండి. వాడుక మారితే కరెంటు మీటరు కేటగిరీ మారుతుందేమో ముందే అడిగి పెట్టుకోండి. చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టేటప్పుడు అంగుళం ఎత్తుకి అడుగు పొడవు లెక్క. రెండు మెట్లు కలిపి అడుగు ఎత్తుంటే పన్నెండడుగుల ర్యాంపు. నాలుగడుగుల్లో కట్టేసి "ర్యాంపు ఉంది" అంటే అది జారుడుబల్ల.

ఇక మరుగుదొడ్డి. వేదికకు రంగులు వెయ్యకపోయినా ఫర్వాలేదు, ఇది లేకుండా తలుపులు తెరవకండి. మా నోటుపుస్తకంలో రెండు వారాల్లో ఆడవాళ్ళ గీతలు మూడే ఉన్నాయి. మేం ఆసక్తి లేదనుకున్నాం. మా వదిన ఒక్క ముక్కలో తేల్చేసింది: "రెండు గంటలు కూర్చోమంటారు, దొడ్డెక్కడ?"

పుస్తకాలను మూడు కుప్పలు చెయ్యండి

జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకాలైతే మీ అంతట మీరు ఒక్కటి కూడా పారెయ్యకూడదు. ప్రవేశ పట్టిక ఉంటుంది, దాన్ని చూసి తొలగించే పద్ధతి ఉంటుంది, ఆ సంతకాలు వాళ్ళవే. సంఘం పుస్తకాలైనా పట్టిక ముందు పెట్టుకునే పని మొదలెట్టండి.

మొదటి కుప్ప: ఎక్కడైనా దొరికేవి, ఎవరూ తాకనివి, పాత గైడ్లు. రెండోది: జనం అడిగేవి. మూడోది చిన్నదే గానీ, దాని కోసమే ఈ భవనం నిలబడాలని నా అభిప్రాయం: ఇంకెక్కడా దొరకనివి. ఊరి స్కూలు వార్షిక సంచికలు, నాటక సమాజం కరపత్రాలు, సహకార సంఘం నివేదికలు, స్థానిక కవి సొంత ఖర్చుతో అచ్చేసుకున్న శతకం, బైండు చేసిన పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక సంపుటాలు. వార్తాపత్రిక కాగితం తనలోని ఆమ్లంతోనే పెళుసెక్కుతుంది. సెల్లోటేపు అంటించకండి, లామినేషను జోలికి పోకండి. బీరువాల్ని గోడకు జానెడు దూరం జరపండి, కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టండి. మూడో కుప్పని ముందు ఫోటో తీయించండి. నెట్‌లో పెట్టాలంటే కాపీహక్కు చూసుకోండి: రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు.

ఎవరికి ఏ గంటలు

ఇప్పుడు నోటుపుస్తకం మళ్ళీ తియ్యండి.

ఈ రోజు మన గ్రంథాలయాలకు నిజంగా గిరాకీ ఉన్నది ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళ దగ్గర. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ. జిల్లా కేంద్రాల్లో చూడండి: పొద్దున్నే గేటు ముందు లైను. లోపల కుర్చీ మీద నీళ్ళ సీసా పెట్టి చోటు పట్టుకోవడం, మెత్త దిండు ఒకటి ఇంటినుంచి తెచ్చుకోవడం, టిఫిన్ డబ్బా బ్యాగులో. వాళ్ళు గ్రంథాలయం పుస్తకం ముట్టరు, సొంత మెటీరియల్ తెచ్చుకుంటారు. వాళ్ళకు కావాల్సింది వెలుతురు, ఫ్యాను, ప్లగ్గు, నిశ్శబ్దం. ఖాళీగా ఉండే 11 నుంచి 4 గంటలు, రాత్రి 7 తర్వాత 10 దాకా వాళ్ళకు అచ్చంగా సరిపోతాయి. నెలకు చిన్న రుసుము పెడితే కరెంటు బిల్లు గట్టెక్కుతుంది. ఒక్క హెచ్చరిక: హద్దు గీయకపోతే వాళ్ళు భవనమంతా నిండిపోతారు, ఆదివారం కథలు వినడానికొచ్చిన పిల్లల్ని "ష్ష్" అంటారు. అలా అన్నందుకు వాళ్ళని తప్పుపట్టలేం, నోటిఫికేషను నెత్తిమీద ఉంటుంది. కాబట్టి ఆదివారం పొద్దున్న పిల్లలదని మొదటి రోజే బోర్డు మీద రాయండి.

పిల్లల గంటకి పెద్ద ఏర్పాట్లేం వద్దు. చాపలు, కథ చెప్పగలిగే ఒక అమ్మమ్మ, ఇంటికి పట్టుకెళ్ళడానికి పుస్తకాలు. పుస్తకం చిరిగితే తిట్టకూడదన్నది ఒక్కటే నియమం.

మూడో కుప్ప కోసం పక్క గదిని "ఊరి గది" చెయ్యండి. పాత పెళ్ళి ఫోటోలు, స్కూలు గ్రూపు ఫోటోలు తెమ్మనండి. అక్కడికక్కడే ఫోన్‌తో తీసుకుని, వెనక పేర్లు రాయించుకుని, ఫోటో వాళ్ళకే ఇచ్చెయ్యండి. అసలు ఉంచేసుకుంటే రెండోసారి ఎవరూ తేరు. దీనికి ఖర్చు లేదు, పైగా భవనం వైపు ఎన్నడూ చూడనివాళ్ళు కూడా వస్తారు, తమ ఫోటోలో ఉన్నదెవరో చెప్పడానికి.

డ్వాక్రా సంఘాల సమావేశాలు, పద్యాల సాధన, పెన్షనర్ల కూడిక, అర్జీలు రాసిపెట్టే గంట, ఇవన్నీ నడుస్తాయి. ప్రతిదానికీ మేం ఒకటే ప్రశ్న వేశాం: ఇది ఏడాదికి ఆగిపోతే హాలు ఎప్పటిలా ఉంటుందా? గోడలు కట్టాలి, నేల తవ్వాలి అంటే వద్దు.

అసలు ఒప్పుకోకూడనివి రెండు. ఫంక్షన్ హాలు: డబ్బొస్తుంది నిజమే, కానీ వంట పొయ్యి, సౌండ్ బాక్సులు, రాత్రి రెండింటికి తాళం, ఆ పైన పుస్తకాల మీద సాంబారు. రెండోది, ఏదో ఒక ఆఫీసుకి "తాత్కాలికంగా" ఇవ్వడం. తాత్కాలికంగా వచ్చిన ఆఫీసు ఖాళీ చేసిన దాఖలా నేను మా చుట్టుపక్కల చూడలేదు.

దుకాణానికి ఇస్తే ఏమిటి అని అమెరికా నుంచి మా ఊరివాళ్ళు అడిగారు. వాషింగ్టన్‌లో 1903లో తెరిచిన కార్నెగీ గ్రంథాలయం 2019 నుంచి ఆపిల్ కంపెనీ దుకాణం. భవనం తళతళలాడుతోంది, నగర చరిత్ర సంస్థ కూడా అదే కప్పు కింద ఉంది. కానీ అది మహానగరం నడిబొడ్డు, అంత డబ్బు పెట్టే కంపెనీ దొరికింది. మన ఊరికొచ్చేది మొబైల్ రీచార్జి కొట్టు, అది షట్టర్ కోసం అరుగుని కొట్టేయమంటుంది.

కాగితం మీద పెట్టండి

జిల్లా గ్రంథాలయ సంస్థ భవనమైతే కార్యదర్శికి అర్జీ పెట్టి, అవగాహన పత్రం రాసుకోండి. మీ తరపున సంతకం పెట్టడానికి ఒక సంఘం ఉండాలి. సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏటా కమిటీ జాబితా దాఖలు చెయ్యడం మర్చిపోవద్దు. పాత గ్రంథాలయ సంఘాలు చాలావరకు అక్కడే నిద్రపోయాయి.

పత్రంలో ఏ గంటలు ఎవరివి, కరెంటు ఎవరు కడతారు, పగిలితే ఎవరిది, గొడవైతే తేల్చేదెవరు, ఎప్పుడు ముగుస్తుంది, ఇవి స్పష్టంగా ఉండాలి. "అద్దె" అన్న మాట రాయకండి, "వాడుకకు అనుమతి" అని రాయండి. వాడుకునేవాళ్ళకు తాళంచెవి ఇవ్వకండి. గది మొత్తం ఒకరి చేతిలో, ఒకరి తాళం కింద ఉంటే అది రేపు కౌలుదారీ తగాదా అవుతుంది. తలుపు తీసేదీ వేసేదీ మీ మనిషే అయితే ఆ చిక్కు రాదు.

డబ్బు

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మీరు ఇప్పటికే కడుతున్నారు. 1960 గ్రంథాలయ చట్టం కాలం నుంచీ ఈ పన్ను ఉంది. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా సంస్థకు జమ చెయ్యాలి. మీ ఊరి నుంచి ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ కాగితం చేతిలో ఉంటే సంస్థ వాళ్ళతో మాట తీరే వేరు. వాళ్ళకూ అది ఉపయోగమే, బకాయి వాళ్ళకే రావాలి కనుక.

పుస్తకాలకూ భవనాలకూ సాయం చేసే పథకాలు కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్‌కి ఉన్నాయి, రాష్ట్ర గ్రంథాలయ శాఖ ద్వారా వెళ్ళాలి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే పనుల (సీఎస్ఆర్) జాబితాలో చారిత్రక కట్టడాల పునరుద్ధరణ, ప్రజా గ్రంథాలయాలు రెండూ ఉన్నాయి. సంఘానికి ఆదాయపు పన్ను శాఖలో 12ఏ, 80జీ, కంపెనీల శాఖలో సీఎస్ఆర్-1 నమోదులు ఉంటేనే వాళ్ళు మాట్లాడతారు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ విరాళాల దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. "మనవాడే కదా" అనుకుని ఖాతా నంబరు వాట్సాప్ గ్రూపులో పెట్టేసేముందు ఎవరి పాస్‌పోర్టు ఏదో అడగండి. మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగాలి.

మూడు నెలలు నడిపి చూడండి

ప్రారంభోత్సవం పెట్టకుండా మొదలెట్టండి. మూడు నెలలు ప్రయోగమని బోర్డు మీదే రాయండి. నోటుపుస్తకం ఆపకండి. మొదటి నెలలోనే మాకు తేడా కనబడింది: రాత్రి చదివేవాళ్ళు మేం ఊహించినదానికన్నా ఎక్కువ, పద్యాల సాధనకు ఎవరూ రాలేదు. ఆ గంటని డ్వాక్రా వాళ్ళకిచ్చాం.

అరుగు మీద పేపరు చదివే మాస్టారు ఒకాయన మొదట్నించీ ముభావంగా ఉన్నారు. ఒకరోజు నేనే అడిగాను, "ఏం మాస్టారూ, నచ్చలేదా?" అని. "లోపల ఫ్యాను కింద పేపరు ఎగిరిపోతోందయ్యా, నేనిక్కడే చదువుకుంటా" అన్నారు. మర్నాడు అరుగు మీదికి ఒక బల్బు లాగాం. సాయంత్రం పేపరు కూడా ఇప్పుడు అక్కడే చదువుతున్నారు.

మూడో తాళంచెవి టీకొట్టు గల్లాపెట్టెలోనే ఉంది. తీర్మానాల పుస్తకంలో ఆ సంగతి ఒక వరసలో రాసి, టీకొట్టాయన చేత సంతకం పెట్టించుకున్నాం.